జావాలో బొమ్మను కీబోర్డుతో నడపడం: కీలిజనరా, కీబైండింగ్సా, ఇంకోటా?

మా అక్క కూతురు ఒంగోలులో బీటెక్ రెండో సంవత్సరం చదువుతోంది. జావా ల్యాబ్‌లో మినీ ప్రాజెక్టు అనగానే క్లాసంతా లైబ్రరీ మేనేజ్‌మెంటో, అటెండెన్స్ రిజిస్టరో మొదలుపెడితే ఈ పిల్ల మాత్రం బండలాగుడు ఆట చేస్తానని పట్టుబట్టింది. పైనుంచి చూసినట్టు ఒక మైదానం, దాని మీద పక్కనుంచి చూసినట్టు తెల్లటి ఒంగోలు గిత్త (బొమ్మల్లో ఇవన్నీ చెల్లుతాయి), వెనకాల గొలుసుతో బండ, నాలుగు బాణాల కీలతో గిత్తను నడపాలి. గిత్తను తనే గీసింది, మూపురం, గంగడోలు కూడా వదల్లేదు. సంక్రాంతి సెలవులకు ఇంటికొచ్చి ల్యాప్‌టాప్ నా ముందు పెట్టి, "మామయ్యా, ఇదేందో సరిగ్గా నడవట్లేదు, సెలవులు అవగానే డెమో" అంది టెన్షన్‌గా.

కుడి బాణం నొక్కి పట్టుకుంటే గిత్త ఒక్క అడుగు వేసి ఆగింది. అర సెకను అట్లాగే నిలబడి, అప్పుడు గుర్తొచ్చినట్టు కుదుపులతో పరిగెత్తింది. కుడి బాణం వదలకుండా పై బాణం కూడా నొక్కితే ఐమూలగా పోవాల్సింది పోయి, కుడివైపు సంగతి మర్చిపోయి నిట్టనిలువుగా పైకి పోయింది. ఇక కింద ఉన్న స్టార్ట్ బటన్‌ను మౌస్‌తో ఒక్కసారి నొక్కాక ఏ బాణం కొట్టినా ఉలుకూ లేదు పలుకూ లేదు. తనకు క్లాసులో సీనియర్లు చెప్పిన సలహా ఒకటే: "కీలిజనర్ వద్దు, కీబైండింగ్స్ పెట్టు." ఈ రెండూ స్వింగ్‌లో (జావాలో విండోలు, బటన్లు గీసే లైబ్రరీ) కీలు పట్టుకునే దారులు. రాత్రంతా కూర్చుని మార్చింది కూడా. మొదటి రెండు తప్పులూ అట్లాగే ఉన్నాయి, మూడోది మాత్రం పోయింది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. కీలు పట్టుకునే దారి వేరు, బొమ్మను కదిలించే పద్ధతి వేరు. ఈ రెంటినీ కలిపేసి "ఏది మంచిది" అని అడిగితే ఎవరు ఏం చెప్పినా సగమే పనిచేస్తుంది. ముందు కదలిక సంగతి తేల్చుకుంటే దారి ఎంచుకోవడం పావుగంట పని.

కదలిక సంగతి ముందు

ఏదైనా ఎడిటర్ తెరిచి ఒక అక్షరం నొక్కి పట్టుకుని చూడండి. ఒకటి పడుతుంది, కాస్త ఆగుతుంది, తర్వాత వరసగా పడతాయి. అది ఆపరేటింగ్ సిస్టమ్ చేసే పని, జావాకు సంబంధం లేదు. విండోస్‌లో ఆ మొదటి ఆగుడు పావు సెకను నుంచి సెకను దాకా సెట్టింగును బట్టి ఉంటుంది, తర్వాత వచ్చే వరస ఎంత వేగంగా పెట్టినా సెకనుకు 30 చుట్టూ ఆగిపోతుంది. కీ నొక్కినప్పుడు జావా పిలిచే కీప్రెస్డ్ మెథడ్ లోపల నేరుగా ఎక్స్‌కు (గిత్త అడ్డంగా ఎక్కడుందో చెప్పే అంకె) 5 కలిపితే ఆ టైపింగ్ లయనే మీ గిత్త కూడా పాటిస్తుంది. పైగా రెండు కీలు పట్టుకుంటే చివర నొక్కిన దానికే రిపీట్ వస్తుంది, అందుకే పై బాణం తగలగానే కుడివైపు నడక ఆగిపోయింది. లిజనర్ తీసేసి బైండింగ్ పెట్టినా వచ్చే ఈవెంట్లు అవే కాబట్టి రోగం అదే.

మందు చిన్నదే. కీ నొక్కితే "ఈ కీ ఇప్పుడు కింద ఉంది" అని ఒక చోట రాసుకోండి, వదిలితే కొట్టేయండి, అంతే, ఈవెంట్ లోపల ఇంకేం చేయకండి. పక్కన ఒక టైమర్ 16 మిల్లీసెకన్లకోసారి (సెకనుకు దాదాపు 60 సార్లు) ఆ చీటీ చూసి గిత్తను జరిపి, బొమ్మను మళ్లీ గీయించే రీపెయింట్ పిలవాలి. రెండు కీలు రాసి ఉంటే రెండు వైపులా జరుపుతుంది, ఐమూల దానంతటదే వస్తుంది. మొదటి ఆగుడు మాయం.

రాసుకోవడానికి చాలామంది 256 గడుల బూలియన్ యారే పెడతారు. బాణాల కోడ్‌లు 37 నుంచి 40 కాబట్టి బానే నడుస్తుంది, ఎవరో ఒకరు పొరపాటున విండోస్ కీ మీద వేలు పెట్టేదాకా. దాని కోడ్ 524. ఆల్ట్‌గ్రాఫ్ కీ అయితే 65406. తెర మీద ఏమీ కనపడదు, కన్సోల్‌లో మాత్రం యారే హద్దు దాటిందని ఎర్రగా ఎక్సెప్షన్ పడుతుంది. ఇంటీజర్ల హ్యాష్‌సెట్ (గడుల లెక్క లేకుండా ఏ అంకెనైనా వేసుకునే సంచి లాంటిది) పెట్టుకుంటే ఈ గోల లేదు, ఒక లైను కూడా ఎక్కువ పట్టదు.

ఇంకో చిక్కు చెప్తాను, ఇది నేను స్వయంగా ఒక పూటంతా పోగొట్టుకున్నది. స్పీడును సెకనుకు 240 పిక్సెళ్లు అనుకుని, గడిచిన టైముతో గుణించి ఎక్స్‌కు కలుపుతున్నాం అనుకోండి. 16 మిల్లీసెకన్లకు 3.84 వస్తుంది. ఎక్స్‌ను ఇంట్‌గా పెట్టి ప్లస్-ఈక్వల్స్ వాడితే జావా ఒక్క మాట కూడా అనదు, చుక్క తర్వాత ఉన్నదాన్ని గుట్టుగా కోసేస్తుంది. 100 దగ్గర నుంచి కుడికి పోతే 103.84 కాస్తా 103, అంటే 3 పిక్సెళ్లు. ఎడమకు పోతే 96.16 కాస్తా 96, అంటే 4 పిక్సెళ్లు. గిత్త ఎడమకు వేగంగా, కుడికి నిదానంగా పోతుంది, కోడ్ ఎన్నిసార్లు చదివినా రెండు లైన్లూ ఒకేలా కనపడతాయి! ఎక్స్, వై రెండూ డబుల్‌గా ఉంచి, బొమ్మ గీసేటప్పుడు మాత్రమే ఇంట్‌గా మార్చుకోండి. ఐమూలగా పోయేటప్పుడు స్పీడు 1.41 రెట్లవుతుంది, అది వద్దనుకుంటే రెండు వైపులా 0.707తో గుణించండి. స్వింగ్‌లో పైకి పోవాలంటే వై తగ్గాలన్నది మీకు తెలిసే ఉంటుంది.

టైమర్ల విషయంలో పెద్ద ఆలోచన అక్కర్లేదు. జావాఎక్స్ స్వింగ్ ప్యాకేజీలో ఉన్న టైమర్ వాడండి. అది కీ ఈవెంట్లు వచ్చే థ్రెడ్ (ప్రోగ్రాములో ఒక పని వరస) మీదే నడుస్తుంది కాబట్టి హ్యాష్‌సెట్‌ను ఒకేసారి ఇద్దరు ముట్టుకునే ప్రమాదం లేదు. జావా యుటిల్‌లో అదే పేరుతో ఇంకో టైమర్ ఉంది, ఎడిటర్ సజెషన్‌లో తొందరపడి దాన్ని ఇంపోర్ట్ చేసుకునేవాళ్లే ఎక్కువ, అది వేరే థ్రెడ్. స్వింగ్ టైమర్ 16 అంటే ఖచ్చితంగా 16కే రాదు, అటూఇటూ అవుతుంది, అందుకే నానోటైమ్‌తో అసలు గడిచిన కాలం లెక్కేసుకోవాలి. కీప్రెస్డ్‌లో థ్రెడ్ స్లీప్ పెట్టి బొమ్మను మెల్లగా నడపాలని మాత్రం ప్రయత్నించకండి, విండో మొత్తం బిగుసుకుపోతుంది.

కీలు పట్టుకునే దారులు

కీలిజనర్ అన్నిటికన్నా పాతది, 1997లో వచ్చిన జావా 1.1 నాటిది, మన సిలబస్‌లో కూడా ఉండేది ఇదే. కీఅడాప్టర్‌ను ఎక్స్‌టెండ్ చేసి కీప్రెస్డ్, కీరిలీజ్డ్ రెండూ రాస్తే అయిపోయింది. కీటైప్డ్ జోలికి పోవద్దు: బాణాల కీలకు అది అసలు రాదు, వచ్చిన కీలకు కూడా గెట్‌కీకోడ్ అడిగితే సున్నా ఇస్తుంది. వైవాలో అడగడానికి భలే అనువైన ప్రశ్న కాబట్టి గుర్తుపెట్టుకోండి.

దీని జబ్బల్లా ఫోకస్, అంటే కీలు ప్రస్తుతం విండోలో ఏ భాగానికి పోతున్నాయన్నది. లిజనర్ తగిలించిన కాంపోనెంట్‌కు ఫోకస్ ఉంటేనే కీలు అందుతాయి. మనం బొమ్మ గీసే జేప్యానెల్ తనంతట తాను ఫోకస్ తీసుకోదు. సెట్‌ఫోకసబుల్ ట్రూ చేసి, విండో తెర మీదకు వచ్చాక రిక్వెస్ట్‌ఫోకస్‌ఇన్‌విండో పిలవాలి, ప్యాక్, సెట్‌విజిబుల్ రెండూ పిలవకముందే అడిగితే గోడకు చెప్పినట్టే. ఇంత చేసినా స్టార్ట్ బటన్ నొక్కగానే ఫోకస్ దానికి పోతుంది, గిత్త ఆగిపోతుంది. మా పిల్లకు జరిగింది ఇదే. బటన్‌కు సెట్‌ఫోకసబుల్ ఫాల్స్ పెడితే సరిపోయేది, రాత్రంతా కూర్చునే పనే లేదు. విండోలో ఒక్క ప్యానెలే ఉండి, ఆట తప్ప ఇంకేమీ లేకపోతే కీలిజనర్‌ను మించింది లేదు, ఎవరేమన్నా సరే. దాన్ని పాతదని తీసిపారేసేవాళ్లలో సగం మంది ఈ ఫోకస్ ముక్క తెలియక తిట్టుకున్నవాళ్లే.

కీకోడ్ బదులు గెట్‌కీచార్‌తో 'డి' అక్షరాన్ని పోల్చేవాళ్లకు ఒక మాట. క్యాప్స్‌లాక్ ఉంటే పెద్ద 'డి' వస్తుంది, అది అందరికీ తెలుసు. కానీ మనలాంటి వాళ్ల కంప్యూటర్‌లో తెలుగు కీబోర్డు కూడా ఉంటుంది. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరికలో ఆ కీ మీద ఉండేది పొల్లు గుర్తు. ఎవరికో తెలుగులో మెసేజ్ కొట్టి భాష మార్చడం మర్చిపోయి ఆట తెరిస్తే గిత్త కదలదు, ఎందుకో బోధపడదు. బాణాలు, కీకోడ్‌లు వాడుకుంటే ఈ తంటా రాదు.

కీబైండింగ్స్ 2000లో వచ్చిన జావా 1.3 నుంచి ఇప్పుడున్న రూపంలో ఉన్నాయి. ఇన్‌పుట్‌మ్యాప్‌లో కీస్ట్రోక్‌కు ఒక పేరు, యాక్షన్‌మ్యాప్‌లో ఆ పేరుకు ఒక పని. వెన్ ఇన్ ఫోకస్‌డ్ విండో అనే రకం తీసుకుంటే విండోలో ఫోకస్ ఏ బటన్ మీద ఉన్నా బాణం కీ మన దగ్గరికి వస్తుంది. బటన్లు, మెనూ, స్కోరు బోర్డు ఉన్న ఆటలకు చక్కగా ఉంటుంది, కీలు మార్చుకునే సెట్టింగ్ పెట్టాలన్నా పేరు దగ్గర ఒక్క లైను మార్చడమే. రాయాల్సింది మాత్రం ఎక్కువ: ప్రతి బాణానికీ నొక్కినందుకు ఒకటి, వదిలినందుకు ఒకటి, నాలుగు బాణాలకు ఎనిమిది యాక్షన్లు. చేత్తో రాయకుండా ఒక చిన్న మెథడ్ చేసుకుని నాలుగుసార్లు పిలవండి. కీస్ట్రోక్‌ను స్ట్రింగ్‌తో అడిగేటప్పుడు కీ పేరు మొత్తం క్యాపిటల్స్‌లో ఉండాలి, 'లెఫ్ట్' అని చిన్న అక్షరాల్లో రాస్తే నల్ వస్తుంది, ఎర్రర్ మాత్రం చూపించదు. రిలీజ్డ్ అనే ముక్క అయితే చిన్న అక్షరాల్లోనే రాయాలి. ఎవరు పెట్టారో ఈ రూలు.

మూడో దారి కీఈవెంట్‌డిస్పాచర్, 2002 నాటి జావా 1.4తో వచ్చింది. కీబోర్డ్‌ఫోకస్‌మేనేజర్‌ను అడిగి మన డిస్పాచర్ ఒకటి చేర్చితే, ప్రోగ్రాములో ఏ విండోకు వచ్చిన కీ అయినా ముందు మన చేతిలో పడుతుంది. చెక్‌పోస్టు లాంటిది అనుకోండి. ఫోకస్‌తో పనే లేదు, కోడ్ కీలిజనర్ అంత చిన్నగా ఉంటుంది. కాకపోతే ఆటగాడి పేరు టైపు చేసే టెక్స్ట్‌ఫీల్డ్ కూడా అదే చెక్‌పోస్టు కింద ఉంటుంది. మీరు ట్రూ ఇస్తే ఆ కీ ఇక ముందుకు పోదు, పేరు పెట్టెలో బాణంతో కర్సర్ జరపలేరు. ఫాల్స్ ఇచ్చి వదిలేయడం మేలు, ఆట నడుస్తోందా లేదా అని ఒక ఫ్లాగ్ కూడా చూసుకోండి.

మూడింటికీ ఉమ్మడి కంత ఒకటుంది. బాణం నొక్కి పట్టుకుని ఉండగానే ఆల్ట్-ట్యాబ్ కొట్టి వేరే విండోకు పోతే, వదిలిన సంగతి మన ప్రోగ్రాముకు తెలియదు. తిరిగి వచ్చేసరికి గిత్త మైదానం దాటి చీమకుర్తి దాకా పోయి ఉంటుంది. విండో డీయాక్టివేట్ అయినప్పుడు సెట్‌ను ఖాళీ చేస్తే చాలు. లినక్స్ ల్యాబుల్లో ఇంకో తమాషా ఉంది. కీ నొక్కి పట్టుకుంటే విండోస్‌లో ప్రెస్డ్‌లు మాత్రమే వరసగా వచ్చి చివర్న ఒక్క రిలీజ్డ్ వస్తుంది, అదే లినక్స్‌లో ప్రతి రిపీట్‌కూ రిలీజ్డ్, ప్రెస్డ్ జంటగా రావచ్చు. ఆ జంట వెంటవెంటనే వస్తుంది కాబట్టి నడకకు పెద్దగా తేడా కనపడదు గానీ, "కొత్తగా నొక్కినప్పుడు మాత్రమే ఎగరాలి" లాంటివి పెడితే గిత్త ఆగకుండా గెంతుతూనే ఉంటుంది. ఇంట్లో విండోస్‌లో చేసి కాలేజీలో ఉబుంటులో చూపించేవాళ్లు ఒక్కసారి అక్కడ కూడా నడిపి చూసుకోండి.

స్వింగ్ వదిలేస్తే

స్వింగ్ లాంటిదే ఇంకో లైబ్రరీ జావాఎఫ్ఎక్స్‌లో పద్ధతి ఇదే, పేర్లు మారతాయి: సీన్‌కు కీప్రెస్డ్, కీరిలీజ్డ్ తగిలించడం, టైమర్ బదులు యానిమేషన్‌టైమర్. అది నానోసెకన్లలో టైము కూడా చేతికిస్తుంది, కదలిక నునుపుగా ఉంటుంది. బటన్లు ఉంటే బాణాలు ఫోకస్‌ను ఒక బటన్ నుంచి ఇంకో బటన్‌కు జరపడానికి ఖర్చయిపోతాయి, అప్పుడు హ్యాండ్లర్ బదులు ఈవెంట్ ఫిల్టర్ పెట్టాలి. 2018లో వచ్చిన జేడీకే (జావా కిట్) 11 నుంచి జావాఎఫ్ఎక్స్ విడిగా దించుకోవాల్సిన సామాను అయిపోయింది. మీ ల్యాబ్ మెషీన్‌లో ఏముందో చూసుకోకుండా దీన్ని ఎంచుకుంటే డెమో రోజు చెమటలే.

లిబ్‌జీడీఎక్స్ సంగతి వేరే, అది ఆటల కోసమే కట్టింది. ప్రతి ఫ్రేముకూ రెండర్ పిలుస్తుంది, అందులో "ఈ కీ నొక్కి ఉందా" అని ఈజ్‌కీప్రెస్డ్‌ను అడగడమే, మనం చేత్తో పెట్టుకున్న సెట్టూ టైమరూ దాని కడుపులోనే ఉన్నాయి. కొత్తగా నొక్కిందా అని అడగడానికి ఈజ్‌కీజస్ట్‌ప్రెస్డ్ వేరే ఉంది. ఆండ్రాయిడ్‌కు కూడా అదే కోడ్ పోతుంది. మొదటిసారి ప్రాజెక్టును కట్టే గ్రేడిల్ అన్నీ దించుకోవడానికి నెట్ కావాలి, ప్రాజెక్టు ఫోల్డర్లు చూసి కొత్తవాళ్లు బెదురుతారు, వై కింద నుంచి పైకి లెక్క. ఆటల మీద నిజంగా మోజు ఉండి రెండు నెలలు కూర్చోగలిగితే నేరుగా ఇక్కడికే రండి. వారంలో సబ్మిట్ చేయాల్సిన మార్కుల ప్రాజెక్టుకు మాత్రం వద్దు. మార్కులు వేసేవాళ్లు చాలాసార్లు "స్వింగ్‌లో చేయలేదేం" అని అడుగుతారు, అది వేరే బాధ.

మరి గిత్త ఏ దారిన పోయింది

మా పిల్ల ఆటలో స్టార్ట్, రీసెట్ బటన్లు, స్కోరు ఉన్నాయి కాబట్టి బైండింగ్స్ ఎట్లాగూ రాసేసింది, అవే ఉంచి సెట్టూ టైమరూ మాత్రం చేర్చమన్నాను. గంటలో గిత్త నున్నగా నడిచింది, ఐమూలగా కూడా. తర్వాత తనకు ఇంకో ఆలోచన వచ్చింది, స్పేస్ పట్టుకుంటే గిత్త ఊపందుకుని లాగాలని. ల్యాప్‌టాప్‌లో బానే ఉంది. మా ఇంట్లో పాత డెస్క్‌టాప్ మీద పెడితే పై బాణం, ఎడమ బాణం పట్టుకుని స్పేస్ కొడితే పడటం లేదు. కోడ్ మొత్తం తిరగేసింది పాపం. అది కోడ్ తప్పు కాదు, చౌక కీబోర్డుల్లో లోపలి వైరింగ్ వల్ల కొన్ని మూడు కీల జతలు కలిపి నొక్కితే మూడోది బయటికే రాదు. షిఫ్ట్, కంట్రోల్ లాంటి వాటికి సాధారణంగా ఈ బాధ ఉండదు, స్పేస్ బదులు షిఫ్ట్ పెట్టుకోమన్నాను.

పెట్టింది. షిఫ్ట్ పట్టుకుని కుడి బాణం వదిలితే గిత్త ఆగలేదు, పోతూనే ఉంది. "నువ్వు చెప్పిందే చేశా మామయ్యా" అని నా వంక చూసింది. తప్పు నాదే. బైండింగ్‌లో కీస్ట్రోక్ అంటే కీ ఒక్కటే కాదు, దానితో పాటు షిఫ్ట్, కంట్రోల్ ఉన్నాయా లేవా అన్నది కూడా అచ్చంగా సరిపోవాలి. వట్టి కుడి బాణం వదలడం వేరు, షిఫ్ట్‌తో ఉన్న కుడి బాణం వదలడం వేరు. రెండోదానికి మనం ఏమీ రాయలేదు, కాబట్టి సెట్‌లోంచి కీ తీసేసేవాళ్లే లేరు. ప్రతి బాణానికీ షిఫ్ట్‌తో ఇంకో జత రాసుకుంటే ఎనిమిది కాస్తా పదహారు.

అన్నీ తీసేసి డిస్పాచర్ పెట్టాం, కీకోడ్ మాత్రమే చూస్తూ. పది పదిహేను లైన్లలో అయిపోయింది. పేరు టైపు చేసే పెట్టె ఆటలో లేదు కాబట్టి చెక్‌పోస్టు గొడవ కూడా లేదు. ఉంటే మాత్రం నేను కీలిజనర్ పెట్టి, బటన్ల ఫోకస్ తీసేయమని చెప్పేవాణ్ని. షిఫ్ట్, కంట్రోల్ ఆటలో అసలు వాడనివాళ్లు, కీలు మార్చుకునే సెట్టింగ్ కావాలనుకునేవాళ్లు బైండింగ్స్‌తోనే ఉండండి.